పాత యుమెన్ చమురు పట్టణాన్ని చూడటం సాధ్యమేనా?

పెద్దలకు నమస్కారం. చైనాలోని గాన్సు రాష్ట్రంలో, ఒకప్పటి పట్టు రహదారి (సిల్క్ రోడ్) సాగిన హెక్సీ మార్గంలో ఉన్న యుమెన్ నగరానికి వచ్చే సెప్టెంబరులో వెళ్లాలనుకుంటున్నాను. పర్యాటకులు సాధారణంగా వెతికే యుమెన్ కోటద్వారం ఈ నగరంలో లేదు; అది పడమరగా, డున్‌హువాంగ్ దాటాక ఎడారిలో ఉంది. నేను చూడదలచినది ఆ మట్టిగోడలను కాదు, 1939లో లావోజున్‌మియావో వద్ద చమురు పడిన తరువాత చీలియన్ పర్వతపాదంలో వెలసిన కార్మికుల పట్టణాన్ని. ఈశాన్య చైనాలోని డాచింగ్ చమురు క్షేత్రంలో 'ఉక్కు మనిషి'గా పేరు పొందిన కార్మికుడు వాంగ్ జిన్‌షీ పుట్టి, పని నేర్చుకున్నది ఈ ప్రాంతంలోనే.

నిల్వలు తగ్గి, 2003 ప్రాంతంలో నగరపాలన దిగువనున్న కొత్త పట్టణానికి తరలిపోవడంతో పాత పట్టణంలో చాలా ఇళ్లు ఖాళీ అయ్యాయని, చమురు తీసే పని మాత్రం ఆగలేదని చదివాను. రైలు మార్గం గురించి నాకు సందేహం లేదు; హైస్పీడ్ రైలు కొత్త పట్టణంలోనే ఆగుతుంది. అక్కడి నుంచి, లేదా దగ్గరలోని జియాయుగ్వాన్ నగరం నుంచి, పాత పట్టణానికి బస్సులు నడుస్తున్నాయా? విదేశీయులకు గది ఇచ్చే వసతిగృహం అక్కడ ఉందా, లేక సాయంత్రానికి తిరిగి రావలసిందేనా? తొలి బావిని చూడటానికి, పంపుల దగ్గర ఫొటోలు తీయడానికి ముందస్తు అనుమతి కావాలా? చమురు సంస్థల ఆవరణల్లో కెమెరా తీస్తే ఎక్కడైనా చిక్కే కనుక ముఖ్యంగా ఈ చివరి ప్రశ్నకు, ఇటీవల వెళ్లివచ్చినవారు గానీ చైనాలో ఉంటున్న తెలుగువారు గానీ జవాబిస్తే కృతజ్ఞుణ్ణి.