నలుగురికి నాలుగు రీచార్జులు పెడుతూ ఇంట్లో ఫైబర్ కూడా పెట్టించడం దండగా?

తణుకు మాస్టారు:
పండక్కి మా తమ్ముడు వచ్చినప్పుడు మొదలైన వాదన ఇది, ఇంకా తెగలేదు. "రోజుకు ఒకటిన్నర జీబీ చేతిలో ఉండగా మళ్లీ గోడకు వైరెందుకు అన్నయ్యా, డబ్బు దండగ" అంటాడు వాడు. మనందరం ఫోనుకు ఫోను విడివిడిగా లెక్క వేసుకుని మోసపోతున్నామని నేనంటాను. ఇంటి మొత్తానికి కలిపి వేసి చూడండి.

2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు మొబైల్ డేటా చవకన్న మాట నిజం. అంతకుముందు నెలకు 1 జీబీకి 250 రూపాయల దాకా పోసినవాళ్లం. ఆ నమ్మకం మనలో అలాగే ఉండిపోయింది, రేట్లు మాత్రం ఉండలేదు. 2024 జులైలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలూ రోజు తేడాలో పెంచేశాయి. జియోలో రోజుకు 1.5 జీబీ ప్యాక్ 239 నుంచి 299కి ఎక్కింది. అది 28 రోజులకే కాబట్టి ఏడాదికి 13 సార్లు వేయించాలి. ఒక ఫోనుకు 3,887 రూపాయలు, మా ఇంట్లో నాలుగు ఫోన్లకు 15,548. ఇంత పోసినా ఒక్కో ఫోనుకు 28 రోజులకు వచ్చేది 42 జీబీ.

ఫైబర్‌లో 30 ఎంబీపీఎస్ ప్లాన్ 399 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 471, ఏడాదికి 5,650. నెలకు 3,300 జీబీ వాడుకోవచ్చు. అంత ఏ ఇంట్లోనూ అవదు.

నన్ను కదిలించింది మాత్రం ఈ లెక్క కాదు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. పరీక్షల ముందు ఒక రాత్రి తొమ్మిదింటికి దాని డేటా అయిపోయింది. లిమిట్ దాటితే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 10 ఎంబీ నోట్సు దిగడానికి ఇరవై నిమిషాలు పైనే పట్టింది. పిల్ల ఆ తిరిగే గుండ్రాన్ని చూస్తూ కూర్చుంది. అదే గదిలో మా అమ్మ ఫోనులో ఆ రోజు ఒకటిన్నర జీబీ ముట్టుకోకుండా ఉంది. హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చన్న ఆలోచన మా ఎవరికీ తట్టలేదు. అర్ధరాత్రి పన్నెండుకు ఆ డేటా అలాగే పోయింది. డబ్బు కట్టి కొన్న సరుకు వాడకపోతే పన్నెండింటికి లాక్కుపోవడం ఏం న్యాయం?

మియాపూర్ రూమ్ నంబర్ 4:
మాస్టారూ, మీ లెక్క సొంతిల్లు ఉన్నవాళ్లది. మేం ముగ్గురం ఒక రూమ్‌లో ఉంటాం, రెండేళ్లలో మూడు రూములు మారాం. నేను పొద్దున పది నుంచి రాత్రి పదకొండు దాకా బండి మీదే ఉంటాను, ఆర్డర్లు, మ్యాప్, పేమెంట్లు అన్నీ ఫోన్‌లోనే. ఫైబర్ నా బండి వెనకాల రాదు కదా. రూమ్‌కొచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి, అక్కడ 3,300 జీబీ ఏం చేసుకోను?

ఇంకోటి, రోజుకు 2 జీబీ ప్యాక్ 349 వేయించుకుంటే 5జీ అన్‌లిమిటెడ్ వస్తుంది. మా ఏరియాలో 5జీ బాగుంది కాబట్టి నాకు లిమిట్ అనే మాటే లేదు. ఫైబర్ వాళ్లేమో ఆరు నెలల డబ్బు ముందే కట్టమన్నారు. నా దగ్గర ఒకేసారి అంత ఎప్పుడూ ఉండదు. నెలనెలా 349 అయితే ఎలాగో సర్దుకుంటాను.

గుంటూరు స్ప్లైసింగ్:
బండి మీద తిరిగే తమ్ముడు చెప్పింది తనకు కరెక్టే. నేను పదకొండేళ్లుగా ఫైబర్ లైన్లు వేస్తున్నాను. రెంటికీ తేడా ఎక్కడుందో చెబుతాను. టవర్ కింద ఉన్నవాళ్లందరూ గాలిలో ఉన్న ఒకే స్పెక్ట్రమ్‌ని, అంటే ఒకే రేడియో తరంగాల్ని, పంచుకోవాలి. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య ఊరంతా వీడియోలు పెడితే అందరికీ కొంచెం కొంచెమే వస్తుంది. కంపెనీలు రోజువారీ లిమిట్ పెట్టడానికి ఇదొక కారణం. ఫైబర్ కూడా పంచుకునేదే. మామూలుగా ఒక పోగుని స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తాం. కానీ ఆ పోగులో వచ్చేది రెండున్నర గిగాబిట్లు, వాడేవాళ్లు ఆ కొన్ని ఇళ్లే. అందుకే అక్కడ 3,300 జీబీ ఇవ్వగలుగుతున్నారు.

అయినా ఫైబర్‌ని నెత్తిన పెట్టుకోవద్దు. బాక్సు మీద ఎల్ఓఎస్ లైటు (సిగ్నల్ రావడం లేదని చెప్పేది) ఎర్రగా వెలిగిందంటే ఎక్కడో తెగినట్టే. ఉడత కొరికినా, టిప్పర్ తగిలినా తెగుతుంది. సాయంత్రం ఆరు దాటాక తెగితే తెల్లారేదాకా ఆగాల్సిందే, చీకట్లో స్తంభం ఎక్కమని మా కుర్రాళ్లకు నేను చెప్పను. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు. చాలా ఇళ్లలో నెట్ ఆగిపోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. కరెంటు స్తంభాన్ని నమ్ముకున్నంత కాలం ఈ గండం తప్పదు.

రేపల్లె కోడలు:
నేను డబ్బు గురించి కాదు, ఇంకో సంగతి చెబుతాను. మా ఇంట్లో ఏడాదిన్నర క్రితం వైఫై పెట్టించారు. "ఇంట్లో నెట్ ఉందిగా, నీకు వేరే రీచార్జ్ ఎందుకమ్మా" అని మామయ్యగారు నాది ఆపించారు. నేను బ్లౌజులు కుడతాను. కస్టమర్లు మోడల్స్ అన్నీ వాట్సాప్‌లోనే పంపుతారు, అవి తీరిగ్గా చూసుకునేది పిల్లలు పడుకున్నాక పదింటికి. సరిగ్గా పదింటికి మామయ్యగారు స్విచ్ కట్టేసి పడుకుంటారు. బజారుకెళ్తే ఫోన్‌పే లేదు. రెండు నెలలు చూసి, కుట్టు డబ్బుల్లోంచే మళ్లీ ప్యాక్ వేయించుకున్నాను. వైఫై ఇంటిది, డేటా నాది. అందుకే ఇంటి మొత్తానికి కలిపి లెక్క వేయమంటే నాకు భయం, అలా వేసినప్పుడు ముందు కోత పడేది మాకే.

తణుకు మాస్టారు:
అమ్మా, ఈ కోణం నాకు తట్టనే లేదు. మీరు చేసింది సరైన పని.

నిన్న కూర్చుని లెక్క మళ్లీ వేశాను. 2024 డిసెంబరులో ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది, డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు విడిగా ఇవ్వాలని. ఎయిర్‌టెల్‌లో అలాంటిది ఏడాదికి 1,849కి వచ్చింది. మా అమ్మ, మా అమ్మాయి ఇంట్లోనో కాలేజీలోనో ఉంటారు, వాళ్లిద్దరికీ అది వేస్తే 3,698. బయట తిరిగే నాకూ మా ఆవిడకూ పాత ప్యాకులే, 7,774. ఫైబర్ 5,650. మొత్తం 17,122. అంటే ఇప్పుడు పెడుతున్నదానికంటే ఏడాదికి 1,574 ఎక్కువ, నెలకు 131 రూపాయలు. ఫైబర్ పెడితే డబ్బు మిగులుతుందని మా తమ్ముడితో గట్టిగా వాదించాను, అది తప్పు. ఖర్చు పెరుగుతుంది. కానీ ఆ 131తో పరీక్షల ముందు రాత్రి నా కూతురు ఆ గుండ్రం కేసి చూస్తూ కూర్చోనక్కర్లేదు. నాకది దండగ కాదు.

బండి మీద తిరిగే తమ్ముడికి మాత్రం ఫైబర్ పెట్టించుకోమని ఇక చెప్పను. అలాంటివాళ్లకు కావాల్సింది వాడని డేటా మర్నాటికి మిగలడం. పోస్ట్‌పెయిడ్ వాళ్లకు మిగిలిన డేటా తర్వాతి నెలకు కలుపుతున్న కంపెనీలు, రోజువారీ ప్యాక్ వేసుకునేవాడికి ఒక్కరోజు కలపలేవా?

గుంటూరు అన్నగారూ, ఒక్క అనుమానం. మాకు సాయంత్రాలు కరెంటు పోతుంటుంది, ఇన్వర్టర్ లేదు. పరీక్షల టైములో పోతే ఎలా?

గుంటూరు స్ప్లైసింగ్:
ఇన్వర్టర్ అక్కర్లేదు మాస్టారూ. ఫైబర్ బాక్సు చాలావరకు 12 వోల్టులదే ఉంటుంది. దానికి చిన్న రూటర్ యూపీఎస్ దొరుకుతుంది, రెండు మూడు గంటలు లాగుతుంది. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు ఫొటో తీసి షాపులో చూపించండి. సరిపోనిది పెడితే బాక్సు కాలిపోతుంది, ఆ కంప్లయింట్లు నాకు నెలకు రెండైనా వస్తుంటాయి.