మనవల పేరున పొలం: వీలునామా రాయాలా, గిఫ్ట్ డీడ్ చేయాలా?

అందరికీ నమస్కారం. నాకు 71 ఏళ్లు. తెనాలి దగ్గర ఎకరన్నర మాగాణి ఉంది. నా జీతం డబ్బుతో కొన్నదే, పిత్రార్జితం కాదు. మా అబ్బాయికి అప్పులెక్కువ. అందుకే పొలం వాడి చేతికి వెళ్లకుండా 9 ఏళ్ల మనవరాలికి, 6 ఏళ్ల మనవడికి చెందాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం.

గిఫ్ట్ డీడ్ చేస్తే హక్కు ఇప్పుడే పోతుంది. మా మందుల ఖర్చు ఆ కౌలు డబ్బులతోనే గడుస్తోంది, అదీ నా టెన్షన్. బతికున్నంతకాలం అనుభవహక్కు మాకే ఉంచుకుని రాయొచ్చని డాక్యుమెంట్ రైటర్ అన్నాడు. వీలునామా అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కానీ నేను పోయాక మా అబ్బాయి కోర్టుకెక్కితే?

మైనర్ల స్థిరాస్తిని తండ్రి అమ్మాలన్నా 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం కోర్టు అనుమతి తీసుకోవాలట. ఆ ధైర్యం ఒక్కటే. సంరక్షకురాలిగా మా కోడలి పేరు రాస్తే, తండ్రి ఉండగా చెల్లుతుందా? ఆ పిల్ల నెమ్మదస్తురాలు, లెక్క తెలిసిన మనిషి.

మనవరాలి పేరున సుకన్య సమృద్ధి ఖాతా (ఆడపిల్లల పొదుపు పథకం) కూడా తాతగా నేను తెరవడానికి కుదరదన్నారు. కోడలు తెరిచింది, డబ్బు నేను కడుతున్నాను.

ఇలా మనవలకు రాయించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ దారి పట్టారో, ఎక్కడ చిక్కొచ్చిందో దయచేసి చెప్పండి.