కథ మనం రాస్తామా, దానంతట అదే వస్తుందా?

గట్టుమీది కాకి:
మొన్న రాత్రి పదింటికి కూర్చున్నాను. పాలబ్బాయి గేటు తట్టే వేళకు కథ పూర్తయింది. ఒక్క కొట్టివేత లేదు. పాత్రలు మాట్లాడుకుంటుంటే నేను రాసుకుంటూ పోయాను, అంతే. జర్మన్ భాషలో రాసిన కాఫ్కా కూడా 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారి ఆరింటికల్లా ‘తీర్పు’ కథ ముగించాడు. రాస్తే ఇలాగే రాయాలని డైరీలో రాసుకున్నాడు. మన విశ్వనాథ ‘వేయిపడగలు’ 29 రోజుల్లో చెబితే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. పదేసి చిత్తుప్రతులు రాసేవారు దేనికోసం రాస్తారో నాకు అర్థం కాదు. వచ్చినదాన్ని చెక్కడమంటే పాడుచేయడమే.

అచ్చుతప్పు:
29 రోజులు నోటితో చెప్పడానికి పట్టిన కాలం. లోపల ఊరడానికి పట్టిన కాలం ఎవరు లెక్కపెట్టారు? అప్పటికి విశ్వనాథకు నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. చదివిన సంస్కృతమంతా, చూసిన ఊళ్లన్నీ నాలుక మీద ఉన్నాయి. ఇక కాఫ్కా అంటారా, ఆయన నవలలు మూడూ అసంపూర్ణంగానే మిగిలాయి. ఒక్క రాత్రి ఊపుకు కథ వస్తుందేమో కానీ నవల రాదు.

గట్టుమీది కాకి:
‘వేయిపడగలు’ నవల కాదా అయితే?

చెట్టుకింద ప్లీడరు:
అందరూ చెప్పినాయన గురించే మాట్లాడుతున్నారు. అన్ని రోజులు రాసిన తమ్ముడి వేళ్ల గురించి ఒక్కరైనా అడిగారా?

అచ్చుతప్పు:
ప్లీడరు గారూ, దయచేసి. కాకి గారూ, ఇంకొకటి చూడండి. 1797లో నిద్రలోనే తోచిందనీ, రాస్తుండగా పోర్లాక్ అనే ఊరి నుంచి ఎవరో పనిమీద వచ్చి తలుపు తట్టడంతో మిగతాది చెదిరిపోయిందనీ ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ తన ‘కుబ్లా ఖాన్’ గురించి చెప్పుకున్నాడు. ఆ కవిత 1816లో అచ్చయింది. ఆయన చేతిరాత ప్రతి ఒకటి దొరికింది. అందులో కొన్ని మాటలు ఒకలా ఉన్నాయి, అచ్చులో ఇంకోలా ఉన్నాయి. కలలో వచ్చినదాన్ని కూడా మెలకువలో దిద్దుకున్నాడన్నమాట.

గట్టుమీది కాకి:
అది కవిత. ఇక్కడ చర్చ కథ గురించి. విషయం మార్చకండి.

పొద్దుతిరుగుడు:
రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా ఎవరూ పిలవని ఇల్లు ఎలా దొరికిందో ముందు అది చెప్పండి. మా ఇంట్లో పోర్లాక్ మనిషి అరగంటకొకసారి వస్తాడు, టిఫిన్ బాక్సు ఎక్కడుందని అడుగుతాడు.

గట్టుమీది కాకి:
అమ్మా, నిజంగా లోపల ఉన్నది ఆగదు. ఆగిందంటే లేనట్టే.

పొద్దుతిరుగుడు:
సరిగ్గా ఈ మాటే నాకు ఒక కథల శిబిరంలో పేరున్న రచయిత ఒకరు అందరి ముందు చెప్పారు. “మీరు కష్టపడి రాస్తున్నారు, తెలిసిపోతోంది. వ్యాసాలు రాసుకోండి” అన్నారు. ఆ తర్వాత చాలాకాలం కథ జోలికి పోలేదు. మీకు ఒక రాత్రి బాగా గడిస్తే సంతోషమే. దాన్ని కొలబద్ద చేసి మమ్మల్ని బయట నిలబెట్టకండి. పాతకాలపు సంస్కృత ఆలంకారికుడు దండి కావ్యానికి మూడు కారణాలు చెప్పాడు: పుట్టుకతో వచ్చిన ప్రతిభ, నిర్మలమైన చదువు, ఎడతెగని కృషి. ఆ వెంటనే ఇంకో శ్లోకంలో, ఆ ప్రతిభ లేకపోయినా చదువుతో, ప్రయత్నంతో ఉపాసిస్తే వాగ్దేవి ఎంతోకొంత అనుగ్రహిస్తుందన్నాడు. మొదటి శ్లోకం అందరూ చెబుతారు, రెండోది ఎవరూ చెప్పరు.

అచ్చుతప్పు:
అసలు సంగతి నేను చెబుతాను. “నేను రాయలేదు, అదే వచ్చింది” అంటే ఇక ఎవరూ తప్పు పట్టకూడదు కదా. దేవుడి ప్రసాదంలో ఉప్పు ఎక్కువైందని ఎవరంటారు?

గట్టుమీది కాకి:
మీకేం తెలుసండీ! పోయిన సంవత్సరం ఒక పత్రిక నా కథలో చివరి పేజీ తీసేసి, ఎవరో రాసిన నాలుగు వాక్యాలు అతికించి అచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. చదివినవాళ్లు ఫోను చేసి ముగింపు బాగుందన్నారు! అది నాది కాదని ఎంతమందికి చెప్పుకోను? చెక్కడం, మెరుగుపెట్టడం అన్న మాటలు వింటే నాకు ఆ పేజీయే గుర్తొస్తుంది.

అచ్చుతప్పు:
అది అన్యాయం, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు చేసింది మీ కథను లాక్కోవడం. మీరు మీ కథను దిద్దుకోవడం వేరు. దానికీ దీనికీ ముడిపెట్టి తిరగరాసేవాళ్లందరినీ తిడితే ఎలా?

పొద్దుతిరుగుడు:
ఇంత సేపూ స్ఫూర్తి గురించి కొట్టుకున్నాం. మీ కోపం ఎడిటరు మీద, నా కోపం ఆ శిబిరం పెద్దాయన మీద.

చెట్టుకింద ప్లీడరు:
తమ్ముడి వేళ్ల సంగతి ఇంకా తేలలేదు.

అచ్చుతప్పు:
కాకి గారూ, మొన్నటి కథ ఇక్కడ పెట్టండి. చదివి చెబుతాం.

గట్టుమీది కాకి:
పెడతాను. ముగింపు జోలికి మాత్రం రావద్దు.

పొద్దుతిరుగుడు:
అయితే చివరి పేజీ మీ దగ్గరే ఉంచుకుని మిగతాది పెట్టండి.