బాత్‌రూమ్ గోడకు ఇవతలి వైపు డీబీ బాక్స్ (ఇంట్లోని లైన్లన్నిటికీ కరెంటు పంచే బోర్డు) పెట్టొచ్చా?

శ్రీకాకుళంలో నాగావళికి దగ్గర్లో ఇల్లు కట్టుకుంటున్నాం. శ్లాబు అయిపోయింది, వైరింగు పైపుల కోసం గోడలు కొడుతున్నారు. ఎలక్ట్రీషియన్ డీబీని మెట్ల కింద, బాత్‌రూమ్ గోడకు ఇవతలి వైపు పెడతానంటున్నాడు. మీటరు పక్కనే కాబట్టి వైరు కలిసొస్తుందట.

నాకైతే టెన్షన్‌గా ఉంది. మా పాత ఇంట్లో ఇలాంటి గోడకే బోర్డు ఉండేది. వానాకాలం సున్నం పొక్కిపోయి, స్క్రూలు తుప్పుపట్టి, ఓసారి అమ్మకు షాక్ కొట్టింది. ఇప్పటికీ ఆవిడ తడి చేత్తో స్విచ్ ముట్టుకోదు.

బాత్‌రూమ్, వంటగదిలో గానీ, సింకు పైన గానీ బోర్డు ఉండకూడదని, ఎత్తు 2 మీటర్లు దాటకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉంది. మరి అదే గోడకు ఇవతలి వైపు పెడితే? లోపల నీళ్ల పైపులు కూడా వెళ్తున్నాయి. హాల్లో గుమ్మం పక్కన, అమ్మకు అందేలా ఐదడుగుల ఎత్తులో పెట్టించడం మేలా?

ఇంకొకటి. ఎంసీబీలు (ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ అయితే ట్రిప్ అయ్యే స్విచ్‌లు) చాలంటున్నాడు ఎలక్ట్రీషియన్. కరెంటు లీకేజీకి అవి ట్రిప్ అవవు కదా! 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే స్విచ్) ఇల్లంతటికీ ఒకటి చాలా, గీజరుకు, మోటారుకు విడిగా పెట్టించాలా?

సోమవారం ప్లాస్టరింగ్ మొదలవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఆలోపు చెప్పండి, ప్లీజ్.