మున్సిపాలిటీకి ఆర్టీఐ పెడితే "ఇది సమాచారం కిందికి రాదు" అన్నారు, ఇప్పుడేం చేయాలి?

ఏడో వార్డు నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఆంధ్రాలో ఒక చిన్న మున్సిపాలిటీ. మా వీధిలో పోయినేడాది సీసీ డ్రెయిన్ కట్టారు. రెండు వానలకే ఒక పక్క గోడ ఒరిగింది, నీళ్లు ముందుకు పోక సరిగ్గా మా గుమ్మం ముందే నిలబడుతున్నాయి. దోమలు, వాసన, మా అత్తగారు మెట్లు దిగాలంటేనే భయపడుతున్నారు. వార్డు సచివాలయంలో మూడుసార్లు చెప్పాను, ఫొటోలు తీసుకెళ్లారు, అంతే. ఎవరో చెబితే ఆర్టీఐ పెట్టాను. నాలుగు ప్రశ్నలు అడిగాను: డ్రెయిన్ ఇంత నాసిరకంగా ఎందుకు కట్టారు, దీనికి బాధ్యులెవరు, కాంట్రాక్టరు మీద చర్య ఎందుకు తీసుకోలేదు, ఎప్పుడు బాగుచేస్తారు. ఇరవై ఎనిమిదో రోజున ఒకే ఒక్క లైను జవాబు వచ్చింది, "తమరు కోరినది సమాచార హక్కు చట్టం ప్రకారం సమాచారం నిర్వచనంలోకి రాదు" అని. నేను అడిగినదాంట్లో తప్పేముంది? అప్పీలుకు వెళ్లాలా, మళ్లీ రాయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పదేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నవాడిని

అక్కా, మీ కోపంలో న్యాయం ఉంది, కానీ ఆ జవాబు మీద అప్పీలుకు వెళితే రోజులు పోతాయి తప్ప చేతికి ఏమీ రాదు. చట్టంలో సమాచారం అంటే ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డు: కాగితాలు, ఫైళ్లు, ఉత్తర్వులు, ఒప్పందాలు, రిపోర్టులు, చివరికి వాడిన మెటీరియల్ శాంపిల్ కూడా. "ఎందుకు" అన్న ప్రశ్నకు అధికారి కొత్తగా కూర్చుని సంజాయిషీ రాసివ్వాలని ఈ చట్టం చెప్పదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే ఖానాపురం గండయ్య కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ 2010లో కోర్టు తేల్చింది కూడా ఇదే, ఉత్తర్వుల నకళ్లు అడగొచ్చు కానీ అలాంటి ఉత్తర్వు ఎందుకు ఇచ్చావని ఆర్టీఐలో అడగడం కుదరదు అని.

కాబట్టి ప్రశ్నలు అడగకండి, కాగితాలు అడగండి. మీకు కావలసిన "ఎందుకు", "ఎవరు" రెండూ ఆ కాగితాల్లోనే దొరుకుతాయి. మళ్లీ పది రూపాయలు పెట్టి కొత్త దరఖాస్తు ఇలా రాయండి, నేనైతే ఇదే రాసేవాడిని:

"పౌర సమాచార అధికారి గారికి. 7వ వార్డులో ఫలానా వీధిలో ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు పోయిన ఆర్థిక సంవత్సరంలో కట్టిన సీసీ డ్రెయిన్ పనికి సంబంధించి కింది రికార్డుల ధృవీకరించిన నకళ్లు ఇప్పించగలరు. మంజూరు ఉత్తర్వు, డ్రాయింగుతో సహా ఎస్టిమేటు. కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. ఈ పనికి సంబంధించిన ఎం-బుక్ పేజీలన్నీ. క్వాలిటీ కంట్రోల్ పరీక్షల రిపోర్టులు. చెల్లించిన బిల్లులు, ఆపి ఉంచిన ఎఫ్‌ఎస్‌డీ మొత్తం చూపించే పేజీలు. ఈ డ్రెయిన్ మీద వచ్చిన ఫిర్యాదులు, వాటి మీద నడిచిన నోట్‌ఫైలు."

ఎం-బుక్ అంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) స్వయంగా కొలిచి ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు అని రాసి సంతకం పెట్టే పుస్తకం. బిల్లు దాని మీదే పాసవుతుంది. అందుకే ఈ మొత్తంలో ఒక్కటే అడగమంటే నేను ఎం-బుక్కే అడుగుతాను. అది చేతికొచ్చాక టేపు పట్టుకుని వీధిలోకి వెళితే మీకే తెలిసిపోతుంది. ఎఫ్‌ఎస్‌డీ అంటే పనికి హామీగా కాంట్రాక్టరు బిల్లులోంచి ఆపి ఉంచే డబ్బు. నోట్‌ఫైలు అంటే ఆ ఫైలు మీద అధికారులు ఒకరి తర్వాత ఒకరు రాసిన నోట్సు.

ఫీజు సంగతి: మన రాష్ట్ర రూల్స్‌లో గ్రామ స్థాయి ఆఫీసుకి ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, మిగతావాటికి 10. మున్సిపాలిటీకి పదే. కోర్టు ఫీ స్టాంపు అంటించవచ్చు, నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు. తెల్లకార్డు ఉంటే దాని జిరాక్సు జతచేయండి, ఫీజు ఉండదు. దరఖాస్తు తెలుగులోనే రాయండి, చట్టం దానికి ఒప్పుకుంటుంది. రెండు కాపీలు పట్టుకెళ్లి తపాల్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి రెండోదాని మీద సీలు, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. ఈ ఒక్క పని చేయకే చాలామంది అప్పీలు దగ్గర ఇరుక్కుంటారు.

మున్సిపల్ ఆఫీసులో మేనేజరుగా చేసి రిటైరైన వాడిని

పైన తమ్ముడు చెప్పింది బాగుంది. నేను కొన్నేళ్లు సమాచార అధికారిగా ఉన్నాను కాబట్టి బల్లకు అవతలి వైపు సంగతి కూడా చెబుతానమ్మా. మీ దరఖాస్తులో వీధి, ఇంటి నంబర్లు, ఏ సంవత్సరం అన్నవి ఉంటే ఇంజినీరింగ్ సెక్షన్ గుమస్తా ఒక్క ఫైలు తీసి జిరాక్సు కొట్టిస్తాడు. అదే "గత పదేళ్లలో పట్టణంలో జరిగిన అన్ని పనుల పూర్తి వివరాలు" అని రాస్తే ఎవరూ ఆ బీరువాల జోలికి పోరు, వనరుల మీద భారమని 7(9) సెక్షన్ చూపించి ఏదో ఒకటి రాసి పంపిస్తారు. నిజానికి ఆ సెక్షన్ అడిగిన రూపంలో ఇవ్వడం కష్టమైతే వేరే రూపంలో ఇవ్వమంటుంది, అసలు ఇవ్వొద్దని కాదు. కానీ దాని మీద కొట్లాడటానికి మీకు నెలలు పడుతుంది.

ఇంకొకటి. ఫైలు నా దగ్గర లేదు, ఇంజినీరింగ్ వాళ్ల దగ్గర ఉంది అని సమాచార అధికారి తప్పించుకోలేడు. ఆయన ఆ సెక్షన్ అధికారి సాయం రాతపూర్వకంగా అడగాలి, అడిగాక ఇవ్వకపోతే జరిమానా భారం ఆ రెండో అధికారి మీదికి పోతుంది. రోజుకు 250 చొప్పున 25,000 వరకు. నా అనుభవంలో ఫైళ్లు కదిలేది ఈ భయంతోనే. పని వేరే శాఖదైతే, ఉదాహరణకి పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ వాళ్లది అయితే, 5 రోజుల్లోపు వాళ్లకు బదిలీ చేసి మీకు తెలియజేయాలి. మీరు మళ్లీ రాయక్కర్లేదు.

పేజీకి రెండు రూపాయలు. ఒకవేళ వందల పేజీలున్నాయి, ఇంత డబ్బు కట్టండి అని ఉత్తరం వస్తే కంగారుపడి కట్టేయకండి. ముందు రికార్డు తనిఖీ అడగండి. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకి 5 రూపాయలు. కూర్చుని చూసి, నోట్సు రాసుకుని, కావలసిన పేజీలకే డబ్బు కట్టండి. ఆ ఉత్తరం వాళ్లు పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టేవరకు గడిచిన రోజులు జవాబివ్వాల్సిన 30 రోజుల గడువులో లెక్కకు రావు. 30 రోజులు దాటించి ఇస్తే మాత్రం నకళ్లు ఉచితంగా ఇవ్వాలి.

ఏడో వార్డు నుంచి

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఇవాళే సీలు వేయించుకుని వచ్చాను. కానీ ఒక టెన్షన్. సాయంత్రానికే తెలియని నంబరు నుంచి ఫోను, "అమ్మా, మీకు ఆ కాగితాలు ఎందుకు, ఏమైనా ఉంటే మేమే చూసుకుంటాం కదా" అని. మర్యాదగానే మాట్లాడాడు, కానీ నా నంబరు అతనికి ఎలా వెళ్లింది? ఇంట్లో వెనక్కి తీసుకోమంటున్నారు.

పదేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నవాడిని

వెనక్కి తీసుకోవద్దక్కా. ఎందుకో చెప్పాల్సిన పని మీకు లేదు, 6(2) సెక్షన్ ఆ మాటే చెబుతుంది, సంప్రదించడానికి కావలసిన వివరాలు తప్ప ఇంకేమీ అడగకూడదు. ఫోను నంబరు రాయడం తప్పనిసరి కాదు, ఈసారి నుంచి చిరునామా ఒక్కటే రాయండి. ఇంటి చిరునామా ఇవ్వడానికి కూడా భయమైతే పోస్టాఫీసులో పోస్టు బాక్సు తీసుకుని ఆ నంబరు ఇవ్వొచ్చు, 2013లో కలకత్తా హైకోర్టు అది చాలన్నది. నాకు తెలిసి అన్నిటికన్నా మంచి దారి ఇంకొకటుంది: అవే కాగితాలు అడుగుతూ మీ వీధిలో ఇంకో ముగ్గురితో విడివిడిగా దరఖాస్తులు పెట్టించండి. నలుగురి చేతిలో రసీదులుంటే ఒక్కరిని ఒప్పిస్తే సరిపోతుందన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆ ఫోను వచ్చిన తేదీ, సమయం, నంబరు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఈసారి బెదిరింపు మాట వస్తే పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఆలస్యం చేయకండి.

డల్లాస్ నుంచి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారిదీ ఇదే సమస్య, ఆయనకు తిరిగే ఓపిక లేదు. నేను ఇక్కడి నుంచి ఢిల్లీ పోర్టల్‌లో పెట్టొచ్చా?

మున్సిపల్ ఆఫీసులో మేనేజరుగా చేసి రిటైరైన వాడిని

ఆ పోర్టల్ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకే బాబూ. మున్సిపాలిటీ మీద అందులో పెడితే తిప్పి పంపుతారు, కట్టిన ఫీజూ తిరిగి రాదు. పైగా ఈ హక్కు భారత పౌరులకే. నీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే రాయొచ్చు, ఓసీఐ కార్డు అయితే కుదరదు. నువ్వు టైపు చేసి పంపు, నాన్నగారు సంతకం పెట్టి స్పీడ్ పోస్టులో వేస్తారు, రసీదు, ట్రాకింగ్‌లో అందినట్టు చూపించే పేజీ దాచుకోమను. ఆయన ఆఫీసుకి వెళ్లే పనే ఉండదు.

ఏడో వార్డు నుంచి (ఆరు వారాల తర్వాత)

వచ్చాయండి! 46 పేజీలు, 92 రూపాయలు. మా పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు కూడా పెట్టారు, ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ఎం-బుక్‌లో డ్రెయిన్ లోతు 60 సెంటీమీటర్లని ఉంది. మేము మూడు చోట్ల కొలిస్తే ఎక్కడా 45 దాటలేదు. క్వాలిటీ పరీక్షల రిపోర్టుల దగ్గర మాత్రం "రికార్డులో అందుబాటులో లేవు" అని రాశారు. కాంట్రాక్టరు బ్యాంకు వివరాలున్న పేజీ వ్యక్తిగతమని ఇవ్వలేదు. వీటి మీద అప్పీలుకు వెళ్లాలా?

మున్సిపల్ ఆఫీసులో మేనేజరుగా చేసి రిటైరైన వాడిని

బ్యాంకు వివరాలు వదిలేయమ్మా, నీకు వాటితో పనిలేదు. 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక, వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే 8(1)(జె) సెక్షన్ మారింది, వ్యక్తిగతం అన్న మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. ఎం-బుక్‌లాంటివి కూడా వ్యక్తిగతమని ఆపితే మాత్రం ఊరుకోకూడదు, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా చట్టంలోనే ఉందని గుర్తుచేస్తూ అప్పీలు రాయాలి.

పరీక్షల రిపోర్టులు లేవన్నారు చూడు, దాని మీద మొదటి అప్పీలు వెయ్యి. జవాబు అందిన 30 రోజుల్లోపు, ఫీజు లేదు, మున్సిపాలిటీల్లో మామూలుగా కమిషనరే అప్పీలు అధికారి, జవాబు చివర ఆయన హోదా, చిరునామా రాసి ఉండాలి. ఆయన 30 రోజుల్లో, మరీ కారణముంటే 45లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. రిపోర్టులు నిజంగానే లేకపోతే, పరీక్ష చేయకుండా బిల్లు ఎలా పాస్ చేశారన్న ప్రశ్నకి ఆ "లేవు" అన్న కాగితమే నీకు ఆధారం.

అప్పీలు నడుస్తుండగానే రెండో పని మొదలుపెట్టు. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఉంటుంది, అందులో ఎన్ని నెలలు రాశారో చూడు. ఆ లోపు పాడైతే కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగుచేయాలి, చేయకపోతే ఆపి ఉంచిన ఎఫ్‌ఎస్‌డీ నుంచి రాబట్టొచ్చు. గడువు దాటితే ఆ డబ్బు అతనికి వెనక్కి వెళ్లిపోతుంది.

ఏడో వార్డు నుంచి

ఇప్పుడే చూశాను, 24 నెలలని ఉంది. పని పూర్తయిన తేదీ నుంచి లెక్కేస్తే ఇంకా ఏడు నెలలుంది. ఎం-బుక్ పేజీ, మేము కొలిచిన ఫొటోలు, వీధిలో పదకొండు ఇళ్ల సంతకాలు కలిపి వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాను.

పదేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నవాడిని

ఇచ్చినప్పుడు ఆ అర్జీ నంబరు తీసుకోండి అక్కా. నెల రోజుల్లో కదలకపోతే ఇంకో పది రూపాయల దరఖాస్తు, ఈసారి ఒకే లైను: "ఫలానా నంబరు అర్జీ మీద నేటి వరకు నడిచిన నోట్‌ఫైలు నకలు."