1964 మోరిస్ మైనర్ ట్రావెలర్: 6.5 లక్షలు అడుగుతున్నరు, కట్టె చూసి ధర ఎట్ల కట్టాలె?

కాజీపేట_47

అన్నలకు నమస్తే. హన్మకొండల ఒక మోరిస్ మైనర్ ట్రావెలర్ (పాత ఇంగ్లండు కారు, వెనక వ్యాను లెక్క సామాను జాగ ఉండే రకం) అమ్మకానికి ఉన్నది. ఆర్‌సీల 1964, ఇంజిన్ 1098 సీసీ అంటున్నరు. వెనక సగం కట్టె ఫ్రేము, కొత్తగ వార్నిష్ కొట్టిండ్రు, మస్తు మెరుస్తున్నది. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయితున్నది. 6.5 లక్షలు అంటున్నరు. అంబాసిడర్, పద్మిని అయితే ఎట్లనో చూస్తం గని, కట్టె బండి ఏం చూడాలె? ఆదివారం పోతున్న.

టింకరింగ్_గల్లీ

తమ్మీ, ఆ కట్టె సోకుకు పెట్టింది కాదు. ముందు తలుపుల దాక ఇనుప బాడీ, అక్కడి నుంచి వెనకకు యాష్ అనే చెట్టు కట్టె ఫ్రేమే బాడీ. పక్కలకున్న అల్యూమినియం రేకులు ఉత్త మూతలే, బరువు మోసేది కట్టె. అందుకే ఒక్క సెల్ఫ్‌కు స్టార్టయిందని ధర పెంచితే ఒప్పుకోకు. ఇంజిన్ బోరు మన దగ్గర ఎవలైన చేస్తరు, ఈ కట్టె పని చేసెటోళ్లను దేవులాడాలె.

ఫస్టు అది అసలు ట్రావెలరేనా చూడు. బానెట్ లేపితే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, మనం కూసునే జాగకు నడుమ ఉండే రేకు గోడ) మీద ప్లేటు ఉంటది. 1960ల బండికి నంబరు ఎం, ఏ, డబ్ల్యూ అని మొదలైతది. మూడో అక్షరం డబ్ల్యూ ఉంటే ట్రావెలర్, ఎస్ ఉంటే సెలూన్‌ను (మామూలు డిక్కీ కారు) కోసి కట్టె అతికిచ్చిండ్రన్నట్టు. ఇంజిన్ నంబరు 10తోని మొదలైతే 1098, 9తోని అయితే 948. 1961 ఆఖరుకు ఫ్లాషర్ ఇండికేటర్లు వచ్చినయి. తలుపు పక్క స్తంభంల నుంచి చెయ్యి లెక్క బయటికి లేసే ఇండికేటర్ ఉంటే 1964 అన్న మాట మీద అనుమానం పెట్టుకో.

ఇగ కట్టె. సన్న పేచ్‌కస్ ఒకటి, తేమ మీటరు ఒకటి, టార్చి ఒకటి పట్టుకపో. వార్నిష్ మెరుపు చూడకు, కింద కూసొని చూడు. పుచ్చేది ఎప్పుడైనా కిందికెళ్లే: వెనక చక్రం మీద పండే అడ్డకట్టె, ముందు తలుపు వెనక నిలువు స్తంభం మొదలు, వెనక రెండు మూలల స్తంభాల మొదళ్లు, వెనక తలుపుల కింది పట్టీ. పేచ్‌కస్ పిడితోని కొట్టుకుంట పో. గట్టి కట్టె టక్కుమంటది, పుచ్చింది గుల్లగ బద్దుమంటది. చప్పుడు మారిన కాడ మొన గుచ్చు, 2-3 మిల్లీమీటర్లు అల్కగ దిగితే ఆ ముక్క పోయినట్టే. అమ్మేటాయన గుచ్చనియ్యకపోతే అదే జవాబు అనుకో.

స్క్రూల చుట్టు నల్లమరక ఉంటే అతుకులకు నీళ్లు పోతున్నయి. రంగు కొంచెం తేడాగ, రేఖలు లేకుండ నున్నగ ఉన్న జాగ ఉంటే అది లప్పం. నడుమ సన్న సూది బొక్కలు, కింద పిండి లెక్క రాలితే పుచ్చు పురుగు, యాష్ కట్టెల అది తొందరగ పడతది. మట్టి గీతలు ఉంటే చెదలు. చెదలున్న బండిని నేనైతే ముట్టుకోను.

పక్క అద్దాలు జరిగే చానెళ్లు తప్పక చూడు. లోపల బట్ట ఉంటది, నీళ్లు పట్టుకుంటది, అది ఆరదు. ఒక చెంబెడు నీళ్లు పోసి లోపల ఎక్కడ కారుతున్నదో టార్చితోని చూడు. ఆఖరుకు వెనక తలుపు సగం తెరిచి కొసను పైకి లేపు. కీలు కాడ కట్టెతో సహా కదిలితే స్తంభం పోయింది.

మట్టెవాడ_గ్యారేజ్

పైన అన్న చెప్పింది నిజమే. తేమ మీటరు గురించి ఒక్క మాట. పైన పట్టీలో 12-14 శాతం, కింది మూలలో 20 దాటితే అక్కడ పుచ్చుడు మొదలైనట్టే లేదా మొదలు కాబోతున్నట్టు. కానీ మన దగ్గర మే నెల ఎండకు పుచ్చిన కట్టె కూడా ఎండి 10 చూపిస్తుంది. ఎండకు యాష్ ముడుచుకుని అతుకులు తెరుచుకుంటాయి, జూన్ వానకు ఆ సందుల్లోకి నీళ్లు దిగుతాయి. వాన పడిన రెండు మూడు రోజులకు చూస్తేనే నిజం తెలుస్తుంది.

అడుగున ఇనుము కూడా చూడండి. ముందు సీట్ల కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ (జాకీ పెట్టేది దానికే), వెనక స్ప్రింగులు తగిలించే హ్యాంగర్లు, సిల్స్ (తలుపుల కింద పొడుగునా ఉండే ఇనుప అంచులు). బ్రేక్ మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, ఛాసిస్ దూలంలో ఉంటుంది. అది కారితే ఆ దూలం లోపలి నుంచి జంగు పడుతుంది. ముందు చక్రం లేపి పైన-కింద పట్టుకుని ఊపండి. ట్రునియన్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచి, తిప్పనిచ్చే మరల కీలు) అరిగితే నడుస్తుండగానే చక్రం లోపలికి మడుచుకుపోతుంది. ప్రతి 4,800 కిలోమీటర్లకు గ్రీజు పెట్టాలి, చాలామంది పెట్టరు.

బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది. ఎవరో తెలియక తిప్పి ఉంటే వైరింగు అంతా అనుమానించండి. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కాబట్టి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం మార్చాల్సిందే, అది పెద్ద ఖర్చు కాదు.

టేకు_డిపో

ఒక ముక్క టేకుతో మార్చి ఉంటే భయపడొద్దు. పోటీల్లో పెట్టే వాళ్లకు విలువ తగ్గొచ్చు. వరంగల్ ఎండకు, చెదలకు టేకే మేలు. కొలతలు, అతుకులు అసలు ముక్కలాగే ఉన్నాయా లేదా అదే ముఖ్యం. టేకులో నూనె ఉంటుంది, అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. అతుకులో సన్నగా గీత కనిపిస్తే అదే కారణం.

కాగితాల సంగతి: 50 ఏళ్లు దాటింది కాబట్టి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. కానీ ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ తిప్పడానికి వీల్లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతు వరకే. రోజూ నడుపుదామనుకుంటే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోండి.

కాజీపేట_47

చూసొచ్చిన. ప్లేటుల డబ్ల్యూ ఉన్నది, ఇంజిన్ 10తోనే. మొన్న మూడు దినాల కింద వాన పడ్డది. కుడిపక్క అంత 13-15. ఎడమ పక్క వెనక మూల 27, చక్రం మీది అడ్డకట్టె 24, పేచ్‌కస్ దిగింది. చెదలు లేవు. స్ప్రింగు హ్యాంగరు ఒకటి జంగు. వడ్రంగి ఆ రెండు ముక్కలకు 1.2 లక్షలు, టింకరింగ్ 40 వేలు అన్నరు.

టింకరింగ్_గల్లీ

వడ్రంగి లెక్కను డబుల్ చెయ్. రేకు ఇప్పినంక పక్క ముక్క కూడ పోయి ఉంటది, ప్రతిసారి గిదే అయితది. ఒక మూల మారిస్తే ఆ వరుస తలుపు సందులు మళ్ల సెట్ చెయ్యాలె గద. 2.4, టింకరింగ్ 40 వేలు, 6.5ల నుంచి తీసేస్తే 3.7. అది నీ మొదటి మాట. 4కు పోతే పర్లేదు, ఆ పైన మాత్రం వద్దు. ఇస్తే కొన్న రోజే ఎడమ రేకు ఇప్పించు, వానకాలంల బయట నిలవెట్టకు.