సిట్-ఆన్-టాప్ కయాక్‌ని స్పియర్‌ఫిషింగ్‌కి మార్చుకోవడం: లంగరు, గన్ పెట్టే చోటు, తిరిగి ఎక్కడం

తెడ్డు_రాజు
అందరికీ నమస్తే. నా దగ్గర 11 అడుగుల సిట్-ఆన్-టాప్ కయాక్ (పైన కూర్చుని తెడ్డు వేసే చిన్న పడవ) ఉంది, గాలం వేసుకోడానికి తీసుకున్నది. ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్ళి ఊపిరి బిగబట్టి దిగి స్పియర్‌గన్‌తో చేపలు పట్టడం నాకు అలవాటే, కానీ మంచి రాతి గుట్టలన్నీ దూరంగా ఉంటున్నాయి, అక్కడికి ఈదేసరికే కాళ్ళలో సత్తువ పోతోంది, ఆ ఆయాసంతో దిగితే లోపల ఎంతోసేపు ఉండలేం కదా. అందుకే కయాక్ మీద వెళ్ళి, అక్కడ లంగరు వేసి దిగుదామని అనుకుంటున్నా. లోతు 8 నుంచి 12 మీటర్లు.

అడగాల్సినవి: లంగరు తాడు సీటు పక్కనే ఉన్న క్లీట్‌కి (తాడు చుట్టి కట్టే కొక్కెం) కట్టొచ్చా, చేతికి అందుతుంది కదా. గన్ ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే డైవింగ్ డ్రెస్), ఫిన్స్‌తో (కాళ్ళకి తొడిగే రెక్కలు) నీళ్ళలోంచి తిరిగి పైకెక్కడం ఎలా. ఎక్కువగా ఒక్కడినే వెళ్తుంటా, అది కూడా చెప్తున్నా.

రాతిగుట్ట
సీటు పక్క క్లీట్‌కి లంగరు మాత్రం వద్దు బ్రో. పక్కనుంచి కట్టావంటే కరెంట్ (నీటి ప్రవాహం), అలలు కయాక్‌ని అడ్డంగా పట్టుకుంటాయి, తాడు బిగిసి ఆ వైపు అంచు కిందికి లాగేస్తుంది, బోల్తా పడడానికి ఎంతోసేపు పట్టదు. లంగరు ఎప్పుడూ ముక్కు దగ్గర నుంచి గానీ తోక దగ్గర నుంచి గానీ ఉండాలి. మరి కూర్చున్న చోటు నుంచి ముక్కు అందదు కదా, దానికే యాంకర్ ట్రాలీ అని పెడతారు: ముందొక చిన్న పుల్లీ, వెనకొక పుల్లీ, వాటి మధ్య తిరిగే తాడు, ఆ తాడుకి ఒక రింగ్. లంగరు తాడు ఆ రింగ్‌లోంచి పోనిచ్చి సీట్లో కూర్చునే రింగ్‌ని ముక్కు దాకా లాగేసుకుంటావు. నా లెక్కలో గాలం కయాక్‌ని డైవింగ్ కయాక్‌గా మార్చే అసలు పని ఇదే, మిగతావన్నీ తర్వాత.

లంగరు విషయానికొస్తే 1.5 కిలోల మడత లంగరు ఈ సైజు కయాక్‌కి సరిపోతుంది, తాడు మాత్రం లోతుకి కనీసం 3 రెట్లు వదలాలి, నిట్టనిలువుగా ఉంటే లంగరు పట్టదు. రాళ్ళ మధ్య ఇరుక్కుంటుందని భయం ఉంటే చైన్‌ని లంగరు పై రింగ్‌కి కాకుండా అడుగున, కొక్కేలు కలిసే చోట కట్టు, పై రింగ్ దగ్గర ఒక ప్లాస్టిక్ జిప్ టైతో చైన్‌ని పట్టి ఉంచు. ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే టై తెగి లంగరు తలకిందులై వెనక్కి వచ్చేస్తుంది. పైగా మనం దిగేవాళ్ళం కాబట్టి గాలం వాళ్ళకి లేని సౌకర్యం ఒకటుంది, మొదటి డైవ్ చేపల కోసం కాదు, లంగరు కోసం. దిగి చేత్తో కదిపి చూసి, పగడం మీద పడి ఉంటే తీసి ఇసుకలోనో రాతి సందులోనో పెట్టి రా. లంగరు జారిపోతే గాలికి కొట్టుకుపోయే ఖాళీ కయాక్‌ని ఫిన్స్ వేసుకుని ఈది అందుకోవడం దాదాపు అసాధ్యం.

బిగించడానికి జిగుర్లు నమ్మొద్దు, పాలిథిలీన్‌కి ఏ జిగురూ సరిగా అంటదు. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ బోల్ట్, లోపలివైపు పెద్ద వాషర్ లేదా ప్లాస్టిక్ పలక, నైలాన్ లాక్ నట్, చుట్టూ మెరైన్ సీలెంట్. లోపలికి చెయ్యి అందని చోట వెల్-నట్స్ (బిగిస్తే లోపల ఉబ్బి పట్టుకునే రబ్బరు నట్లు) వాడొచ్చు. నీటిమట్టానికి కింద, నీళ్ళు పోయే స్కప్పర్ గొట్టాల్లో మాత్రం డ్రిల్ పెట్టకు, అక్కడ చిన్న పగులొచ్చినా హల్ (కయాక్ డొల్ల) లోపలికి నీళ్ళు చేరతాయి, పైనుంచి చూస్తే తెలియదు కూడా.

గన్‌కి ఒక పక్కన పొడవు పీవీసీ పైపు, రెండు బంజీలు (సాగే తాళ్ళు) చాలు. మొన ముక్కు వైపు ఉండాలి, తొడుగు ఉండాలి. గన్, తెడ్డు, బరువు బెల్ట్ (కిందికి దిగడానికి నడుముకి కట్టే బరువులు) అన్నిటికీ తాడు, కయాక్ బోల్తా కొట్టిందనుకుని చూడు, ఏది మునిగిపోతుందో దానికి ముందు కట్టు.

లోతు_శ్వాస
పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ ప్రశ్నలో ఆఖరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయా. ఒక్కడివే వెళ్తానన్నావు తమ్ముడూ, అలా వెళ్ళకు. కోప్పడుతున్నాననుకోకు, ఎందుకో వివరంగా చెప్తా.

నీటిపైన మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం దాదాపు 0.21 బార్. 10 మీటర్ల దగ్గర మొత్తం పీడనం రెట్టింపు కాబట్టి అది 0.42 అవుతుంది, అందుకే లోపల హాయిగా అనిపిస్తుంది. చేప కోసం రాతి పక్కన పడుకుని ఎదురుచూస్తూ ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ 7 శాతానికి వచ్చిందనుకో, ఆ లోతులో అది ఇంకా 0.14 బార్, బుర్ర పనిచేస్తూనే ఉంటుంది. పైకొచ్చేసరికి పీడనం సగమై అదే 0.07 అయిపోతుంది, అంటే స్పృహ పోయే స్థాయి. కింద నువ్వు బాగానే ఉన్నావు, పైకొచ్చే చివరి కొన్ని మీటర్లలోనో, తల బయటపెట్టాక కొన్ని సెకన్లకో పోతుంది. ముందుగా ఏ హెచ్చరికా ఉండదు, ఇందులో భయంకరమైన సంగతి అదే. ఊపిరి కావాలి అని శరీరం అడిగేది కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు, ఆక్సిజన్ తగ్గినందుకు కాదు. దిగేముందు గబగబా గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అంటే ఉన్న ఆ ఒక్క అలారం కూడా నీ చేత్తో నువ్వే ఆపేసుకున్నట్టు.

దీనికి ఏ కయాక్ మార్పూ పనికిరాదు, పక్కన మనిషే కావాలి. ఒకరు కిందుంటే ఒకరు పైన, గన్ ఇద్దరికీ కలిపి ఒకటే. పైనున్నవాడు కయాక్‌లో కూర్చుని చూస్తే లాభం లేదు, మాస్క్‌తో నీళ్ళలో ఉండి కిందికే చూడాలి, కిందున్నవాడు పైకొచ్చాక కూడా 30 సెకన్లు కళ్ళు తిప్పొద్దు. స్పృహ తప్పితే ముఖం నీళ్ళ పైకెత్తి పట్టుకుని, మాస్క్ తీసి, ముఖం మీద ఊది, చెంపల మీద తట్టి, పేరు పెట్టి ఊపిరి తీసుకో అని గట్టిగా చెప్పాలి, చాలాసార్లు అంతటితోనే తేరుకుంటారు. తేరుకోకపోతే వెంటనే నోట్లోకి ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి. ఇది ఇద్దరూ ముందే ప్రాక్టీస్ చేసి ఉండాలి. ఒక మంచి ఫ్రీడైవింగ్ కోర్సు చేయండి, ఇద్దరూ కలిసి.

డైవ్‌కీ డైవ్‌కీ మధ్య కనీసం కింద ఉన్న సమయానికి రెట్టింపు విశ్రాంతి, తెడ్డు వేసి ఆయాసంతో ఉంటే వెంటనే దిగకుండా లంగరు వేశాక కాసేపు కదలకుండా ఉండు. బరువులు తక్కువే పెట్టుకో, మామూలుగా ఊపిరి వదిలేశాక కూడా నీటిపైన తేలాలి.

ఉప్పుగాలి
రెండు చిన్నవి చెప్తా. కింద మనిషి దిగాడని చెప్పే జెండా తప్పనిసరి, ఎరుపు మీద ఏటవాలు తెల్ల చార గానీ నీలం-తెలుపు ఆల్ఫా గానీ, కర్రకి కట్టి ఎత్తుగా, ఎందుకంటే మోటరు బోటు వాళ్ళకి కయాక్ కనబడుతుంది, పక్కన ఉన్న మన తల కనబడదు. రెండోది, గన్ బ్యాండ్‌లు (బాణాన్ని వదిలే రబ్బర్లు) నీళ్ళలోనే లాగాలి, నీళ్ళలోనే దించాలి. లోడ్ చేసిన గన్ కయాక్ మీదికి ఎప్పటికీ రాకూడదు.

ఇంకోటి, తెడ్డు వేసేటప్పుడు బరువు బెల్ట్ నడుముకి వద్దు, లైఫ్ జాకెట్ వేసుకో, అక్కడికెళ్ళాక మార్చుకో.

తెడ్డు_రాజు
అందరికీ చాలా థాంక్స్. లోతు_శ్వాస అన్నా, ఆ లెక్క నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇలా చెప్పలేదు. మా ఫ్రెండ్ ఒకడు డైవ్ చేస్తాడు, వాడికీ కయాక్ ఉంది, ఇక వాడు రాని రోజు గాలం వేసుకుంటా. కరెంట్ ఎక్కువుంటే లంగరు వెయ్యకుండా కయాక్‌ని తాడుతో నడుముకి కట్టుకుని కొట్టుకుపోతూ డైవ్ చేయొచ్చా? పైకెక్కడం ఇంకా ఎవరూ చెప్పలేదు.

రాతిగుట్ట
డ్రిఫ్ట్ చేయొచ్చు, కానీ తాడు నడుముకి కట్టుకోవద్దు, చిక్కుపడితే విప్పుకునే టైం ఉండదు. పైనున్న బడ్డీ చేత్తో పట్టుకుంటే చాలు, కిందికి వెళ్ళేవాడి ఫ్లోట్ లైన్ (పైన తేలే ఫ్లోట్‌కి కట్టిన తాడు) వేరేగా ఉండాలి. గాలీ కరెంటూ ఒకే వైపు ఉన్నంతసేపు బానే ఉంటుంది, గాలి అడ్డం తిరిగితే కయాక్ మనిషిని ఈడ్చుకుపోతుంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలి ఉన్న రోజు అసలు బయల్దేరకు, వెళ్ళేటప్పుడు తెడ్డు తేలిగ్గా పడుతుంది, వచ్చేటప్పుడు తెలుస్తుంది.

ఎక్కడానికి: ముందు గన్ ఖాళీ చేసి పైపులో పెట్టెయ్, చేపలు సంచిలో, బెల్ట్ విప్పి పైన పెట్టు. ఫిన్స్ తియ్యకు, ఎక్కించేది అవే. సీటు పక్కకి వచ్చి అవతలి అంచునో పట్టీనో ఒక చేత్తో పట్టుకుని, కాళ్ళు నీటిపైకి తేలేలా శరీరాన్ని అడ్డంగా చాపి గట్టిగా తన్నుతూ కయాక్‌ని నీ కిందికి లాక్కో, పొట్ట అడ్డంగా పడాలి. నిలువుగా వేలాడుతూ లాగితే కయాక్ నీ మీదికే తిరుగుతుంది. పొట్ట పడ్డాక వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చో, కాళ్ళు ఆఖర్న. ఒడ్డు దగ్గర తల మునిగే లోతులో, వెట్‌సూట్ వేసుకుని, బాగా అలిసిపోయి ఉన్నప్పుడు చేసి చూడు, సముద్రంలో ఎక్కాల్సొచ్చేది అలాగే కదా.

ఉప్పుగాలి
ఎక్కే వైపు ఏమీ బిగించకు. రాడ్ హోల్డర్, క్లీట్, పైపు అన్నీ అవతలి వైపు పెట్టు, లేదంటే పొట్ట మీద పాకేటప్పుడు వెట్‌సూట్ చిరుగుతుంది. డ్రిల్ పెట్టేముందే ఏ వైపు నుంచి ఎక్కడం తేలికో నీళ్ళలో చూసుకుని మార్కర్‌తో గీత పెట్టుకో.